రెండు నిమిషాలు

రాజోలి దారిలో జములమ్మ ఎండిన ఉలవ పైరును తారు రోడ్డు మీద పరిచింది. బండ్లు తొక్కితే గింజలు రాలతాయి. టర్బో ఈల వేస్తూ వచ్చిన కారుకు చెయ్యి అడ్డం పెట్టింది. కారు నడుపుతున్న జితేందర్ నవ్వి, పైరు మీద మూడుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"సాలు బిడ్డా. దిగి మజ్జిగ తాగి పో."

దిగాడు గానీ, పైరు మీదున్న కారు ఇంజను ఆపలేదు.

"బంజేయవా?"

"వద్దవ్వా. జోరుగ వచ్చిన. పొగ గొట్టం, టర్బో నిప్పు లెక్కుంటయి. రెండు నిమిషాలు గిట్ల నడిస్తెనే సల్లారుతయి. లేకుంటె ఖరాబైతయి."

వేడి బయటికి తగలకుండా ఆ గొట్టం మీదుండే రేకును, గలగలమంటోందని పోయిన వారమే పీకించాడు.

రెండో గ్లాసు తాగుతుండగా కారు కింద పొగ లేచింది. గ్లాసు పారేసి పరుగెత్తేలోపే మంట బానెట్ దాకా పాకింది.

జములమ్మ కదల్లేదు.

"నీళ్లేవవ్వా? నీ పంట గూడ కాలుతున్నది."

"కాలనీ. పోయినేడు ఈడ్నే గిట్లనే పైరంటుకొని ఒక కారు కాలింది."

"ఎరుకుంటె చెప్పొద్దా?"

"గీ ఉలవలు చేన్ల ఇత్తిన దినమే నీ కారు నా పెనిమిటిని గుద్దింది. చేన్లకెల్లి చూసిన. గీ ఈలతోనే పోయింది. నువ్వు రెండు నిమిషాలు ఆగి దవాఖానకు తీస్కపోతె బతుకుతుండె."

కింద పడ్డ గ్లాసును కొంగుతో తుడిచి, మళ్లీ మజ్జిగ పోసింది.

"కూసో బిడ్డా. జర సల్లారనీ."