మంగళవారం పుట్టినవాడు

“ఇరవై తొమ్మిదేళ్ళకే అలసటేమిటి నాయనా?” అంది ఎకువా. సెకొండి ఊళ్ళో ఎండుచేపల వ్యాపారం ఆవిడది, ఫుట్‌బాల్ క్లబ్బూ ఆవిడదే. మాట్లాడుతూనే పులిసిన మొక్కజొన్న పిండితో ఉడికించిన కెంకీ ముద్ద తుంచి మిరపకాయ పచ్చడిలో అద్దుకుంది.

ఎబో నిలబడే ఉన్నాడు. కూర్చుంటే మళ్ళీ లేవడానికి ఎడమ మోకాలు ఒప్పుకోవాలి.

“నన్నొదిలెయ్యండమ్మా. ఇక ఆడలేను.”

“ఇంకా రెండేళ్ళ ఒప్పందం ఉంది. పోయిన ఆదివారం గోలు కొట్టావుగా!”

“నేను కొట్టలేదు. బంతే వచ్చి కాలికి తగిలింది.”

పక్కనున్న కోచ్ బెంట్సిల్ ఫక్కున నవ్వాడు. “ఫార్వర్డుకి అంతకన్నా ఏం కావాలిరా?”

ఎబోకి నవ్వు రాలేదు. లిబియా, ఇథియోపియా, ఇరాక్... ఎక్కడ ఎన్ని గోల్సు కొట్టాడో మర్చిపోయాడు గానీ, ఎక్కడ మోకాలికి ఎన్ని సూదులు పొడిచారో గుర్తుంది. ఇంట్లో మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాడు. మొదట్లో నవ్విన భార్య ఇప్పుడు నవ్వడం కూడా మానేసింది. ఇలాగే ఇంకో రెండేళ్ళంటే అతనికి భయమేసింది. పన్నెండేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట బయటికొచ్చేసింది.

“నాకు ముప్ఫై ఏడేళ్ళమ్మా.”

ఇద్దరూ పగలబడి నవ్వారు.

“వయసు తగ్గించి చెప్పే ఆటగాళ్ళని బోలెడుమందిని చూశాను. పెంచి చెప్పేవాణ్ణి నిన్నే చూస్తున్నాను,” అంది ఎకువా. “ఒప్పందం ఎగ్గొట్టడానికి ఎన్ని వేషాలురా!”

“నా పేరేమిటి?”

“ఎండదెబ్బ తగిలిందా? ఎబో.”

“మంగళవారం పుట్టిన మగపిల్లాణ్ణి తప్ప ఎవరినైనా ఎబో అంటారా మన దగ్గర? బుధవారం పుట్టుంటే మా అమ్మ నన్ను క్వేకు అని పిలిచేది. మరి నా కాగితాల్లో పుట్టినరోజు మే ఎనిమిది, తొంభై ఆరు. అది ఏ వారమో చూడండి.”

బెంట్సిల్ ఫోన్ తీసి వెతికాడు. మొహంలో నవ్వు పోయింది.

“బుధవారం,” అన్నాడు నెమ్మదిగా.

“వయసు తగ్గించిన ఏజెంటు పరాయి దేశంవాడు. కొత్త తేదీ కల్పించేటప్పుడు సంవత్సరం చూసుకున్నాడు గానీ వారం చూసుకోలేదు. శిక్ష వేయించండి, ఆడకుండా నిషేధం పెట్టించండి. ఇంటికెళ్ళి కూర్చుంటాను.”

ఎకువా చెయ్యి కడుక్కుంది. బీరువాలోంచి అతని కాగితాలు తీసి తేదీ చూసింది. అతని మొహంలోకి చూసింది. మళ్ళీ తేదీ చూసింది.

“నిజమే. చాలా అలిసిపోయావు నాయనా.”

ఎబో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళకో ఒక మనిషి తన మాట నమ్మింది. కుర్చీ లాక్కుని, మోకాలి సంగతి మర్చిపోయి, కూర్చున్నాడు.

ఆవిడ కాగితాలు మూసి కోచ్ వైపు తిరిగింది.

“తేదీ సరిగ్గానే ఉంది బెంట్సిల్, పేరే తప్పు పడింది. పేపర్లో పేరు సవరణ ప్రకటన వేయించి, ఆదివారం ఆటకి వీడి చొక్కా మీద క్వేకు అని అచ్చేయించు.”