రెండో వరస

మిరప గోదాము గేటు దగ్గరి యంత్రం సాంబ్రాజ్యం వేలి నుంచి రక్తపు చుక్క తీసుకుని, రోగనిరోధక కణాలను ఒక్కొక్కటిగా చదివింది.

"నీ కణాలు జ్వరం తెచ్చే తయారీలో ఉన్నాయంట. ఇవాళ పన్లేదు, ఇంటికి పో," అన్నాడు మేస్త్రీ వీరాంజనేయులు.

"రాని జ్వరానికి పని మానిపిస్తావా? కణం ఏం చెయ్యబోతుందో ఆర్‌ఎన్‌ఏ చెప్పుద్ది. ఇన్నాళ్లూ ఏం చేసిందో ప్రొటీన్ చెప్పుద్ది. యంత్రం తెర మీద రెండూ రెండు వరసల్లో ఉంటయ్యిగా, రెండో వరస చదవవేం?" అంది సాంబ్రాజ్యం.

మేస్త్రీ తెరకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఆ చేతిని తోసేసి అందరికీ వినపడేలా చదివింది.

"పదకొండేళ్లుగా మిరప దుమ్ముతో పోరాటం అంట. మాస్కులడిగితే రేపు రేపన్నావే!"

పనికొచ్చి వెనక నిలబడ్డ ఆడవాళ్లంతా యంత్రం ముందుకు వేళ్లు చాపారు.

"మాయి కూడా చదువు సాంబ్రాజ్యం, రెండో వరసే."