దొడ్డిదారి

"రూట్ చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అది తెలిసే వచ్చారా?" అన్నాడు మెకానిక్.

కౌంటరు అవతల నిలబడ్డ భార్యాభర్తలిద్దరూ ఒకేసారి తలూపారు. తెలిసి వచ్చినవాళ్ళతోనే చిక్కు. తెలియక వచ్చినవాళ్ళకి నాలుగు మాటలు చెప్పి పంపేయొచ్చు.

మెట్ల కింద షాపు అది. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాల్సిందే. పదహారేళ్ళుగా మెకానిక్ అక్కడే కూర్చుని, నీళ్ళలో పడ్డ ఫోన్లనీ చక్రాల కింద పడ్డ ఫోన్లనీ బతికించి పంపుతున్నాడు. నోరు కాస్త దురుసు. చెయ్యి మాత్రం మంచిదని వీధంతా చెబుతుంది. కంపెనీ పెట్టిన కట్టుబాట్లు తెంచి ఫోన్‌ని పూర్తిగా తమ చేతిలోకి తెచ్చుకోవడమే రూట్. అలా చెయ్యమని వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది ఫోన్ రూపురేఖలు మార్చుకుని మురిసిపోవడానికే వస్తారు. వీళ్ళ వాలకం అలా లేదు.

"ఫోన్ ఎవరిది?"

ఆమె బొటనవేలు ఆనించి తెరిచి చూపించింది. మెడకి స్కార్ఫు చుట్టుకుని ఉంది. చేతిలో బటన్ నొక్కితే చెరిగిపోయే పలక. దాని మీద గబగబా రాసింది.

"అందులో నా గొంతు ఉంది."

మిగతాది భర్త చెప్పాడు. ఎనిమిది నెలల కిందట ఆమెకు గొంతు ఆపరేషన్ అయింది. ఇక మాట రాదని డాక్టర్లు ముందే చెప్పేశారు. అప్పటికి పాపకి ఆరు నెలలు. ఆపరేషన్ ముందు వారమంతా ఆమె గది తలుపేసుకుని కూర్చుని, పాప పెద్దయ్యాక వింటుందని నలభై ఒక్క కథలు చెప్పి ఒక రికార్డింగ్ యాప్‌లో దాచింది. మధ్యమధ్య పాపని పేరు పెట్టి పిలిచింది, నవ్వింది, దగ్గింది. మొన్న ఆ యాప్ కంపెనీ మూతపడింది. ఇప్పుడు యాప్ తెరిస్తే "మా సేవలు ముగిశాయి, ధన్యవాదాలు" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ రాదు.

"కథలు ఫోన్‌లోనే ఉన్నాయండి. ఆ యాప్ సొంత అరలో. రూట్ ఉంటే తప్ప ఆ అర తెరుచుకోదు."

"రూట్ చెయ్యాలంటే ముందు కంపెనీ వేసిన లోపలి తాళం తియ్యాలి. తాళం తియ్యగానే అది తనంతట తనే అన్నీ చెరిపేసుకుంటుంది. కథలు కావాలంటే అర తెరవాలి, అర తెరిస్తే కథలుండవు. బాగానే ఉంది సంబడం!"

ఆమె ముఖం చూసి మెకానిక్ నాలిక కరుచుకున్నాడు.

"ఫోన్ కంపెనీని అడిగారా?"

"కాళ్ళావేళ్ళా పడ్డాను. ఎవరికోసమూ తెరవం అన్నారు."

"చెరక్కుండా తెరిచే దొడ్డిదారి ఒకటుండేది సార్ ఈ మోడల్లో. కంపెనీవాళ్ళు చూసుకోకుండా వదిలేసిన చిన్న కన్నం. అందులోంచి దూరి ఎన్ని ఫోన్లు రూట్ చేశానో! ఒక్క ఫొటో పోయేది కాదు."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. భర్త మాత్రం నేల చూపులు చూస్తున్నాడు.

మెకానిక్ కేబుల్ తగిలించాడు. తెర మీద వెర్షన్ నంబరు చదవగానే పెదవి విరిచాడు.

"ఈ అప్‌డేట్ ఎవరు చేశారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"వచ్చిన రోజే."

"వచ్చిన రోజే ఎవరైనా చేస్తారా సార్? నాలుగు రోజులాగి, చేసుకున్నవాళ్ళ గతేమిటో చూసి కదా చేసుకునేది! ఆ కన్నాన్ని మూసేసింది ఈ అప్‌డేటే. ఏ మహానుభావుడు మూశాడో గానీ, గాలి కూడా చొరకుండా మూశాడు."

"భద్రంగా ఉంటుందని..." అని నసిగాడు భర్త.

"ఉండండి, పాత వెర్షన్ ఎక్కించి చూస్తాను."

"ఎక్కదండి. వెనక్కి పోకుండా అడ్డం పెట్టారు."

"పోనీ, రిపేరువాళ్ళ కోసం ఉంచే సర్వీసు మోడ్‌లోంచి..."

"అదీ మూసేశారండి."

మెకానిక్‌కి చిర్రెత్తింది. నెట్‌లో నాలుగు ముక్కలు చదివొచ్చి తనకే పాఠాలు చెప్పేవాళ్ళని రోజూ చూస్తూనే ఉంటాడు.

"అన్నీ మీకే తెలిస్తే నా దగ్గరికెందుకొచ్చారు?"

"మీలాంటివాళ్ళు ఇంకో కన్నమేదైనా కనిపెట్టారేమోనని." అతను ఇంకాస్త ముందుకి వంగాడు. "ఒక్కటైనా మిగిలుందేమోనని."

ఆ మాటకి మెకానిక్ కోపం సగం దిగిపోయింది. వచ్చిన గిరాకీలందరినీ రేపు రమ్మని పంపేసి రెండు గంటలు కుస్తీ పట్టాడు. తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాడు. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి అడిగాడు. తెర మీద "అనుమతి లేదు" అని వచ్చిన ప్రతిసారీ ఆమె ఊపిరి వదలడం అతనికి వినిపించింది. ఆ ఒక్క శబ్దం మాత్రమే ఆమెకి మిగిలింది.

చివరికి చేతులెత్తేశాడు.

"నా వల్ల కాదమ్మా. రూట్ చేసి ఖాళీ ఫోన్ ఇవ్వగలను. లేదంటే ఇలాగే ఉంచుకోండి. కథలు లోపలే ఉంటాయి, వినపడవు. ఏం చెయ్యమంటారు?"

భర్త ఆమె వైపు చూశాడు. ఆమె ఫోన్ అందుకుని గుండెకి ఆనించుకుంది. "ఇలాగే ఉండనీండి" అని రాసింది.

ఏమీ చెయ్యలేని కోపమంతా మెకానిక్ నోటికొచ్చింది.

"ఆ మూసినవాడికి పెళ్ళాంబిడ్డలు లేరా అసలు? ఇంకెవరి బతుకులోనో ఏం పోతుందోనన్న ఆలోచనైనా ఉండొద్దూ? వాడి చేతులు పడిపోను!"

భర్త తల ఎత్తలేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో పలక చెరిపి, మెల్లగా రాసి, మెకానిక్ వైపు తిప్పింది.

"తిట్టకండి అన్నయ్యా, ఆ కంపెనీలో కూర్చుని ఆ కన్నం మూసింది ఈయనే."