సగం సీసా ఇంధనం

ఆ ఉదయం వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ జిడ్డు సబ్బుకు వదల్లేదు. తమ్ముడు మూడేళ్లు కష్టపడి గడ్డి నుంచి తీసిన ఇంధనం సగం సీసా గుడ్డ మీద పోసి తుడిచాను. ఫ్యాన్ తళతళలాడింది.

పది గంటలకు ఆ ఇంధనం పరీక్ష చూడ్డానికి ఓ కంపెనీ పెద్దమనిషి వచ్చాడు. తమ్ముడు ఆ సీసా జనరేటర్‌లో పోశాడు. అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తమ్ముడి మొహం మాడిపోయింది.

మంచినీళ్లకని వంటింట్లోకొచ్చిన పెద్దమనిషి పైకి చూశాడు. “అక్కయ్యగారూ, ఫ్యాన్ కొత్తదా?”

“పన్నెండేళ్లదండీ. మావాడి ఇంధనంతోనే తుడిచా.”

“ఇంజన్ సంగతి తర్వాత. ముందు ఇది వంద డబ్బాలు పంపండి!”

సాయంత్రం ప్రార్థన అయ్యాక మనసు ఒప్పక తమ్ముడికి చెప్పేశాను. “సీసాలో తగ్గినంత నీళ్లు పోసి పెట్టానురా.”

“కొంప ముంచావక్కా!”

ఇంట్లో అందరూ కలిసి తేల్చారు: జిడ్డు మందు వెంటనే అమ్మాలి. ఇంజన్ పరీక్ష మళ్లీ పెట్టాలి. పరీక్ష రోజు నన్ను చెల్లెలింటికి పంపాలి.