నలభై ఏడో నంబరు

"నలభై ఏడును లిస్టులోంచి తీసెయ్" అన్నాడు లింగమూర్తి సారు.

"తియ్య సార్" అంది మునీరా.

సిద్దిపేటలోని ఆ చిన్న పరిశోధన కేంద్రంలో సారు మాటకు ఎదురు చెప్పినవాళ్లు అంతవరకూ లేరు. రక్తంలో తిరిగే మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే సూక్ష్మమైన అణువులను కొలిచి, క్యాన్సర్ రోగి ఎంతకాలం బతికే వీలుందో అంచనా కట్టే పరీక్ష ఆయనది. ఆరేళ్ల కష్టం. ఎల్లుండే హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ల ముందు పెట్టాలి. అంచనాలు ఇంచుమించు అన్నీ నిజమయ్యాయి. ఈ నలభై ఏడొక్కటే పంటి కింద రాయిలా మిగిలింది. పరీక్ష ఆమెకు ఏడాదికి మించి ఇవ్వలేదు. మునీరా రిజిస్టరేమో ఐదేళ్లు దాటినా బతికే ఉందంటోంది.

అక్కడ రోగులంతా నంబర్లే. పేర్లు, ఫోన్లు ఒక్క మునీరాకు తప్ప ఎవరికీ తెలియకూడదన్నది సారు పెట్టిన నియమమే. ఆరునెలలకోసారి అందరికీ ఫోన్ చేసి, ఎప్పుడు చేసిందీ ఎవరు ఎత్తిందీ రాసిపెట్టడం రెండేళ్ల కిందట చేరిన ఆమె పని. సారు ఆ రిజిస్టరు తెరిచాడు. అన్ని పేజీల్లోనూ తేదీలు, టైములు ఉన్నాయి. నలభై ఏడో పేజీలో మాత్రం నాలుగుసార్లూ ఒకటే మాట, 'బతికుంది' అని. ఫోన్ చేసిన జాడే లేదు.

ఆయనకు కోపం నషాళానికంటింది. కూర్చున్నచోటే రాసేశావా అని నిలదీశాడు. మునీరా తల దించలేదు.

"ఆమె మంచిగుంది సార్. బండి నడుపుతది, మెట్లు గబగబ ఎక్కుతది, ఎవ్వరి మాట పడదు" అంది, సొంత అక్క గురించి చెబుతున్నంత గర్వంగా. "పోయినోళ్లందరిని లెక్కల ఉంచి, బతికినామెను కొట్టేస్తమా?"

ఆ మాట సారుకు సూటిగానే తగిలింది. అయినా బింకం వదల్లేదు. రేపు పొద్దున తొమ్మిదింటికి ఆమెను తీసుకొచ్చి రక్తం ఇప్పించమన్నాడు. లేదంటే నలభై ఏడుతో పాటు నువ్వూ ఇంటికే అన్నాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. గేటు ముందు ఆగే ప్రతి ఆటోనూ తొంగి చూశాడు. నిజం చెప్పాలంటే, ఆమె రావాలనే ఆయనకూ ఉంది. తన లెక్క తప్పితే తప్పింది, ముఖమైనా తెలియని ఆ మొండిమనిషిని చూస్తే చాలనిపించింది. అలా అనుకోగానే ఛాతీ కొంచెం ఉబ్బింది కూడా.

తొమ్మిదింటికి మునీరా వచ్చింది. ఒక్కతే. పలకరించకుండా నేరుగా వెళ్లి, రక్తం తీసే రాజేశ్ ముందు కూర్చుని చెయ్యి చాపింది.

సారు ఉబ్బంతా దిగిపోయింది. ఆమె లేదు కాబట్టి తన రక్తమే ఇచ్చి గట్టెక్కాలని చూస్తోంది ఈ పిల్ల, ఇంతకు తెగించిందా అనుకున్నాడు.

"నీ రక్తం నాకెందుకు? ఈ రెండేండ్లల్ల ఆమెకు ఒక్క ఫోనన్న చేసినవా?"

మునీరా బ్యాగులోంచి అంచులు నలిగిన పాత పేషెంటు కార్డు తీసి, నంబరు కనబడేలా బల్ల మీద పెట్టింది.

"నాకు నేనే ఫోన్ ఎట్ల చేసుకుంట సార్?"