పరదా వెనక జవాబు

రేపల్లె ఖాజీగారితో నెల రోజులు పోట్లాడాను. మన నిఖాల్లో పెళ్లికూతురు ఒప్పుకుందో లేదో ఎవడికీ తెలియదు. లోపలికెళ్లిన పెద్దమనుషులు బయటికొచ్చి "ఊఁ అంది" అంటారు. ఆ ఊఁ అన్నది పెళ్లికూతురో, పక్కన కూచున్న పిన్నమ్మో అల్లాకే ఎరుక.

"మతం ఆడదానికి హక్కిచ్చింది. మీరు దాన్ని పలావులో కలుపుకు తినేశారు" అన్నాను, మొహం మీదే.

ఖాజీగారు గడ్డం నిమురుకుంటూ నవ్వారు. "నిజమే అబ్బాయ్. ఈసారి నేనే పరదా దగ్గరికెళ్లి అడుగుతాను. ఆ అమ్మాయి నోటితో చెప్పేదాకా నిఖా చదవను. సరేనా?"

నిజాంపట్నం పెళ్లిలో ఆయన మాట నిలబెట్టుకున్నారు. పందిరంతా వినేలా అడిగారు: "ఖాసింబీ, ఈ సంబంధం నీకిష్టమేనా అమ్మా?"

పరదా వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు ఊఁ కొట్టారు.

"మిమ్మల్ని కాదమ్మా, పెళ్లికూతుర్ని అడుగుతున్నాను."

"ఇష్టం లేదండి" అంది ఖాసింబీ. "ముందే చెప్పాను, మా నాన్న వినిపించుకోలేదు."

ఖాజీగారు నిఖా పుస్తకం మూసేశారు.

నేను నా మొహం మీద వేలాడుతున్న పెళ్లికొడుకు పూలసరాలు పక్కకు తప్పించాను.

"ఆడపిల్ల మాటకేంగాని ఖాజీగారూ, వాళ్ల నాన్ననడగండి" అన్నాను.