రెండో పతకం మీది సొట్టలు

స్కూలుకి తానూ వస్తానంటూ మామగారు చెప్పులు వేసుకునేసరికి సత్యవాణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మోకాళ్ల నొప్పులన్నారుగా మామయ్యగారూ? ఎండ కూడా మండిపోతోంది."

"మనవరాలు మన వంశం గురించి మాట్లాడుతుంటే నన్ను ఇంట్లో కూర్చుని టీవీ చూడమంటావా అమ్మాయ్?"

సరిగ్గా అదే ఆమె కోరిక.

సీతారామారావుగారు కాకినాడలో ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారు. ఎదుటివాళ్ల మాటలో తప్పు దొర్లితే అక్కడికక్కడే దిద్దే అలవాటు రిటైరయినా పోలేదు. అలాంటి మనిషి దగ్గర ఆమె ఇప్పటికే ఒక అబద్ధంతో కాలక్షేపం చేస్తోంది. ఆయన సింగపూర్ వచ్చిన వారానికే, మంచం కింద నశ్యం కంపు కొడుతున్న తుప్పు రేకు డబ్బాను మూత కూడా తీసి చూడకుండా, హారన్ కొట్టుకుంటూ వచ్చి పాత పేపర్లూ సామాన్లూ పట్టుకుపోయే కరుంగుని ముసలాయనకి ఇచ్చేసింది. అంతా ఆయన ఆరోగ్యం కోసమే.

"నా డబ్బా చూశావా అమ్మాయ్?" అని ఆయన రోజూ అడుగుతారు.

"లేదండీ" అని ఆమె రోజూ అంటుంది.

డబ్బా పోయినా ఆయన తుమ్ములు మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు రెండో అబద్ధం. ఇది మరీ పెద్దది. పైగా కూతురు ప్రణవి నోటితో, నలుగురి ముందు.

నాలుగో తరగతి పిల్లలు ఇంట్లో ఉన్న పాత వస్తువొకటి తెచ్చి దాని కథ చెప్పాలని స్కూలువాళ్లు చీటీ పంపారు. టాంపినీస్‌లో వాళ్ల పక్క ఫ్లాటు ఆమ్నా ఆ సాయంత్రమే తన కూతురు అరీబా కోసం ముత్తవ్వ తమలపాకుల వెండి పాన్‌దాన్ తీసి తోమడం మొదలుపెట్టింది. సత్యవాణి ఇల్లంతా గాలిస్తే దొరికిన అతి పురాతన వస్తువు, తన పెళ్లినాటి ప్రెషర్ కుక్కర్.

భర్త కృష్ణచైతన్యను అడిగింది. రెండువేల సంవత్సరం వచ్చేలోగా ఒక బ్యాంకు కంప్యూటర్లన్నిటినీ కాపాడే పనిలో ఉన్న అతను తలెత్తకుండానే, "కుక్కరే పంపెయ్" అన్నాడు.

ఆదివారం ఆమె సుంగై రోడ్డు పాత సామాన్ల సంతకి వెళ్లింది. నేల మీద పరిచిన టార్పాలిన్ మీద, పాడైపోయిన ఫోన్ల మధ్య, రెండు వెండి పతకాలు.

"ఓల్డ్ ఫ్యామిలీ థింగ్ లా. వెరీ గుడ్ ఫ్యామిలీ!" అన్నాడు అమ్మే చైనీస్ అంకుల్.

చరిత్రలో బి.ఎ. చేసిన పద్నాలుగేళ్లకి సత్యవాణి చదువు పనికొచ్చింది. ఒకటి రెండో బర్మా యుద్ధానిది. ఇంకొకటి మూడో యుద్ధానిది. మధ్య ముప్పై మూడేళ్లు. తండ్రీకొడుకులు కాక ఇంకెవరు? అంచున పేర్లు అరిగిపోయి 'షిప్' అన్న మాట ఒక్కటే మిగిలింది. కాకినాడ పక్కన ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి ఎలాగూ ఉండనే ఉంది. కుక్కర్ మూడు కూతలు కూసేలోగా అత్తవారి వంశంలో ఇద్దరు నావికులు పుట్టేశారు. రెండో పతకం మీద నాలుగు సొట్టలు కనిపిస్తే, నాలుగు తూటాలు కూడా కేటాయించింది. పేర్లు పెట్టే ధైర్యం మాత్రం చాల్లేదు.

"మమ్మీ, రియల్లీ అవర్ ఫ్యామిలీ ఆ? తాతయ్య నెవర్ సే వాట్!" అంది ప్రణవి.

"తాతయ్యకి గొప్పలు చెప్పుకోవడం ఇష్టం ఉండదమ్మా."

స్కూలు హాల్లో ప్రణవి తడబడకుండా చెప్పింది. తండ్రి, కొడుకు, ఓడలు, తూటాలు. చప్పట్లు మోగాయి.

"అరె వాణీ, గింత పెద్ద ఖాన్‌దాన్ అని ఎన్నడన్న చెప్పినవా?" అని ఆమ్నా మోచేత్తో పొడిచింది.

సత్యవాణి నవ్వబోయింది. అప్పుడే సీతారామారావుగారు కళ్లజోడు సవరించుకుంటూ లేచారు. నేరుగా ప్రణవి బల్ల దగ్గరికి నడిచారు.

ఆమె పరిగెత్తినట్టే వెళ్లింది. ఇక్కడ, టీచర్ల ముందు, పిల్లని అబద్ధాలకోరుని చేస్తారా? తిట్టేదేదో తననే తిడితే బాగుండును. "మామయ్యగారూ, దానికేం తెలీదు. తప్పంతా నాదే. ఇంటికెళ్లాక..."

ఆయన వినిపించుకోలేదు. నీలం మఖమల్ వేసి ఆమె కట్టించిన ఫ్రేమును చేతిలోకి తీసుకున్నారు. పరీక్ష పేపరు మీద ఎర్రసిరా పెన్ను ఆగినట్టు, ఆయన చూపుడువేలు రెండో పతకం మీద ఆగింది.

"అంతా బాగానే రాసిచ్చావు గానీ అమ్మాయ్, ఇవి తూటా దెబ్బలు కావు, నాలుగేళ్లప్పుడు మీ ఆయన మా తాతగారి పతకాన్ని రోట్లో వేసి దంచిన గుర్తులు, ఇంతకీ ఇవి దాచుకున్న నా రేకు డబ్బా దొరికిందని నాతో ఒక్క మాటైనా చెప్పలేదేం?"